మారకానా ఓటమి: ఒక జాతి దుఃఖము

పల్నాటి వీరగాథ వినుచు పెరిగిన తెలుగువారికి ఆటలో ఓటమి అల్పవిషయమని ఎవరును చెప్పి ఒప్పింపజాలరు. ఒక కోడిపందెములో ఓడిన ఫలితముగా బ్రహ్మనాయుని పక్షమువారు మాచర్ల విడిచి ఏడేండ్లు ప్రవాసమునకు పోయిరని ఆ గాథ చెప్పుచున్నది. పోరాడినవి కోళ్లు, నష్టపడినది రాజ్యము. ఆటకును జాతిగౌరవమునకును నడుమ పడిన ఈ ముడి ప్రాచీనమైనది. ఇరువదవ శతాబ్దిలో దానిని గట్టిగా బిగించిన క్రీడ ఫుట్‌బాల్. తమ దేశపు జట్టు ఓడిన నాడు ప్రజలు ఎట్లు దుఃఖింతురు? ఆ దుఃఖములో ఎవరిని నిందింతురు? తుదకు దానినుండి ఏమి నేర్తురు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము కోరువారు 1950వ సంవత్సరము జూలై 16వ తేదీన బ్రెజిల్ దేశమున జరిగినదానిని పరిశీలింపవలెను.

రెండవ ప్రపంచయుద్ధము మూలమున 1942, 1946 సంవత్సరములలో ప్రపంచకప్పు పోటీలు జరుగలేదు. 1938 తరువాత పండ్రెండేండ్లకు అవి మరల బ్రెజిల్‌లో ఆరంభమయ్యెను. ఐరోపా దేశములు యుద్ధశిథిలములనుండి మెల్లగా లేచుచున్న కాలమది. తమ దేశము నూతనశక్తిగా తలయెత్తుచున్నదని లోకమునకు చాటుటకు, ఆనాటి రాజధానియైన రియో డి జనీరోలో 1948 ఆగస్టున ఒక మహాక్రీడాంగణమునకు పని మొదలుపెట్టిరి. అదియే మారకానా. రెండేండ్లు నిండకముందే అందులో ఆటలు ప్రారంభమైనవి. ఆనాటికి ప్రపంచమున అంతటి ఫుట్‌బాల్ స్టేడియము మరియొకటి లేదు.

ఆ యేటి పోటీలో ఒక విశేషము కలదు. ఫైనలు అను పేరుతో ప్రత్యేకముగా ఒక ఆటను ఏర్పాటుచేయలేదు. బ్రెజిల్, ఉరుగ్వే, స్వీడన్, స్పెయిన్ అను నాలుగు జట్లు తుదివర్గమున పరస్పరము తలపడవలెను. అధికముగా పాయింట్లు గడించిన జట్టుకు కప్పు. బ్రెజిల్ జట్టు స్వీడన్‌ను 7-1 గోళ్లతోను, స్పెయిన్‌ను 6-1 గోళ్లతోను చిత్తుచేసెను. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2 సమానముగా నిలిచి, స్వీడన్‌ను 3-2 గోళ్లతో కష్టముమీద గెలిచెను. కావున చివరి ఆటనాటికి బ్రెజిల్‌కు 4 పాయింట్లు, ఉరుగ్వేకు 3. బ్రెజిల్ గెలువనక్కరలేదు, ఓడకున్న చాలును.

అప్పటికి బ్రెజిల్ జనసంఖ్య ఐదు కోట్లు దాటినది. ఉరుగ్వే ప్రజలు పాతిక లక్షలైనను లేరు. ఈ లెక్క చూచి, ఆ చిన్న దేశము 1924, 1928 ఒలింపిక్ క్రీడలలోను, 1930 ప్రపంచకప్పులోను విజేతయై నిలిచిన సంగతిని బ్రెజిల్ ప్రజలు మరచిరి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, ఆట జరుగకముందే ఒక పత్రిక తమ జట్టు ఛాయాచిత్రమును వేసి వీరే ప్రపంచవిజేతలని ప్రకటించెను. నగర మేయరు మైదానములోనే ఉపన్యసించుచు క్రీడాకారులను విజేతలనియే సంబోధించెను. మన ఉత్తరకుమారుడు అంతఃపురమున ప్రగల్భములు పలికినప్పుడు వినినవారు కొందరు స్త్రీలు మాత్రమే. ఇక్కడ ఒక దేశమంతయు వినుచుండెను.

టిక్కెట్టు కొని లోనికి వచ్చినవారే 1,73,850 మంది. మొత్తము ప్రేక్షకులు ఇంచుమించు రెండు లక్షలని అంచనా. మొదటి భాగములో ఎవరికిని గోలు రాలేదు. విరామానంతరము రెండు నిమిషములకే, అనగా 47వ నిమిషమున, బ్రెజిల్ పక్షమున ఫ్రియాసా గోలు చేసెను. స్టేడియము దద్దరిల్లెను. 66వ నిమిషమున ఉరుగ్వే ఆటగాడు గిజ్జా కుడిప్రక్కనుండి లోనికి అందించిన బంతిని స్కియాఫీనో గోలులోనికి కొట్టెను. 1-1. ఇప్పటికిని కప్పు బ్రెజిల్‌దే. అయినను ప్రేక్షకుల కంఠములు సన్నగిల్లెను. 79వ నిమిషమున గిజ్జా మరల కుడిప్రక్కనే, తన్ను అడ్డగింపవలసిన బిగోడెను దాటి దూసుకొనివచ్చెను. ఇంతకుముందువలెనే బంతిని మధ్యకు పంపునని తలచి, బ్రెజిల్ గోల్‌కీపరు బార్బోసా స్తంభమునుండి ఒక అడుగు ముందునకు జరిగెను. గిజ్జా ఆ సందును చూచి సూటిగా కొట్టెను. బంతి స్తంభమునకును బార్బోసాకును నడుమనుండి లోనికి పోయెను. 2-1.

అంతట మైదానమున ఆవరించిన నిశ్శబ్దమునుగూర్చి చూచినవారందరును చెప్పిరి. మారకానాను మౌనముగా నుంచగలిగినవారు ముగ్గురే, పోపుగారు, గాయకుడు సినాత్రా, తాను అని గిజ్జా తరువాతి కాలమున చమత్కరించుచుండెడివాడు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు జూల్ రిమే బ్రెజిల్‌ను అభినందించుచు పోర్చుగీసు భాషలో ఉపన్యాసము సిద్ధముచేసికొనియుండెను. స్కోరు సమానముగా నుండగా ఆయన ఆసనమునుండి లేచి మెట్లు దిగెను. క్రిందికి చేరుసరికి అంతయు తారుమారైనది. గౌరవవందనము లేదు, ఉపన్యాసము లేదు. జనసమ్మర్దమున నెట్టుకొనుచు పోయి ఉరుగ్వే నాయకుడు ఒబ్దూలియో వరేలా చేతిలో కప్పు నుంచి, కరచాలనము చేసి వెనుదిరిగెను.

ఇక ప్రజల దుఃఖము. రేడియో మ్రోగుచున్న ప్రతి ఊరును ఆనాడు మారకానాయే అయినది. బవురు అను పట్టణమున ఒక తండ్రి రేడియో ప్రక్కన కూర్చుండి కన్నీరు కార్చెను. తొమ్మిదేండ్ల కుమారుడు ఏడువవలదని తండ్రిని ఓదార్చి, తానొకనాడు ఆ కప్పు తెచ్చి ఇత్తునని మాట యిచ్చెను. ఆ బాలుడే పెలే. రియో నగరములో మరియొక దృశ్యము. గెలిచిన జట్టు నాయకుడు వరేలా ఆ రాత్రి విందును విడిచి వీథులలోనికి వచ్చి, పానశాలలలో బ్రెజిల్ అభిమానుల నడుమ కూర్చుండెను. తాను ఓడించినవారి దుఃఖము చూచి అతని మనస్సు కలతచెందినది. ఆ అభిమానులు తన్ను గుర్తించియు ద్వేషింపక ఆదరించిరని తరువాత అతడే చెప్పుకొనెను. శత్రువును క్షమింపగల జనులు తమవానిని క్షమింపలేకపోవుట ఈ చరిత్రలోని విషాదము.

ఓటమికి కారణములు పెక్కు. ముందుగానే సంబరము చేసికొనిన పాలకులు, పత్రికలు, వరేలా నాయకత్వపు ధైర్యము, గిజ్జా వేగము, సమానస్థితిలో ఆటను కాపాడుకొనలేని వ్యూహము, ఇవి అన్నియు అందులో గలవు. కాని దుఃఖమునకు ఒక ముఖము కావలెను. నింద ముఖ్యముగా ముగ్గురిపై పడినది: బార్బోసా, బిగోడె, జువెనాల్. ముగ్గురును నల్లజాతివారు. ఇది యాదృచ్ఛికమని నమ్ముట కష్టము. బ్రెజిల్‌లో బానిసత్వము రద్దయినది 1888లో. అంతకు 62 ఏండ్లు మాత్రమే గడచినవి. బార్బోసా ఆడిన వాస్కో డ గామా క్లబ్బు నల్లవారితోను బీదవారితోను జట్టుకట్టి 1923లో రియో నగరపు పోటీ గెలిచినప్పుడు, మరుసటి యేడు గొప్ప క్లబ్బులు దానిని వెలిగా నుంచి వేరు సంఘము పెట్టుకొనినవి. ఆ పాత గాయము 1950లో మరల రేగినది.

బార్బోసా సామాన్యుడు కాడు. 1949లో దక్షిణ అమెరికా విజేతగా నిలిచిన బ్రెజిల్ జట్టుకు గోల్‌కీపరు. ఆ ఒక్క అడుగు అతని కీర్తినంతయు తుడిచివేసినది. తదుపరి దేశపు జట్టులో అతడు ఆడినది ఒక్క ఆట మాత్రమే. ఆట విరమించిన పిదప అతడు మారకానా స్టేడియములోనే ఉద్యోగిగా పనిచేయవలసివచ్చెను. జీతము కొరకు ప్రతిదినము ఆ మైదానమునకే పోవలసిన బ్రతుకు. ఒకనాడు అంగడిలో ఒక స్త్రీ తన బిడ్డకు అతనిని చూపి, బ్రెజిల్‌నంతటిని ఏడ్పించినవాడు ఇతడే అని చెప్పెనట. 1993లో దేశపు జట్టు సాధన చేయుచోటికి పోగా, దురదృష్టము తెచ్చునను భయమున అతనిని లోనికి రానీయలేదు. తమ దేశపు చట్టములో ఎంతటి నేరమునకైనను ముప్పది సంవత్సరములకు మించిన శిక్ష లేదనియు, తాను చేయని నేరమునకు ఏబది సంవత్సరములు శిక్ష అనుభవించితిననియు అతడు చెప్పుకొనెను. 2000 ఏప్రిల్‌లో మరణించెను.

మూడవ ప్రశ్నకు వత్తము. ఓటమినుండి బ్రెజిల్ ఏమి నేర్చినది? మొదట ఉడుపు మార్చినది. 1950లో ఆ జట్టు ధరించినది తెల్లని చొక్కా. పతాకములోని నాలుగు వన్నెలతో క్రొత్త ఉడుపు కావలెనని 1953లో ఒక పత్రిక పోటీ పెట్టగా, ఉరుగ్వే సరిహద్దు ప్రాంతపు యువకుడు అల్దీర్ ష్లే గెలిచెను. నేడు లోకమంతయు ఎరిగిన పసుపుపచ్చ చొక్కా ఆ దుఃఖమునుండి పుట్టినదే. చొక్కా మార్చుట సులభము. మనస్సు మార్చుట కష్టము. రచయిత నెల్సన్ రోడ్రిగెస్ 1958లో తన జాతి రోగమునకు వీథికుక్క మనస్తత్వమని పేరు పెట్టెను. ఇతరుల యెదుట తమ్ము తామే తక్కువగా తలచుకొనుట అని దాని యర్థము. ఆ యేడే వైద్యుని, దంతవైద్యుని, మనస్తత్వశాస్త్రజ్ఞుని వెంటబెట్టుకొని, ఆటగాండ్ర దేహస్థితిని నిశితముగా పరీక్షించి, బ్రెజిల్ స్వీడన్‌కు జట్టును పంపినది. తుది ఆటలో 5-2 గోళ్లతో కప్పు గెలిచినది. పదునేడేండ్ల పెలే తండ్రికిచ్చిన మాట నిలుపుకొనెను.

ఈ కథకు మనతో కొంత సంబంధము కలదు. 1950 పోటీలో భారతదేశమునకును చోటు దొరికినది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో ఒకే వర్గములో మన పేరుండెను. కాని మన ఫుట్‌బాల్ సమాఖ్య జట్టును పంపలేదు. రెండేండ్లకు, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 గోళ్లతో ఓడిరి. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడెడి రోజులవి. ఆ ఓటమికి ఒక్కని దోషిగా నిలువబెట్టక, బూట్లు తప్పనిసరియని సమాఖ్య నియమము చేసినది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము తెచ్చిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం 1956లో జట్టును మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు నడిపించెను. అచ్చట ఆస్ట్రేలియాను 4-2 గోళ్లతో గెలిచి మనవారు నాలుగవ స్థానమందుకొనిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాతో మొదటి ఆటలో 2-0 గోళ్లతో ఓడియు, ఆ జట్టునే తుది ఆటలో 2-1 గోళ్లతో గెలిచి స్వర్ణము తెచ్చిరి. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడు. అప్పటికే క్యాన్సరు వ్యాధితో నున్న రహీం మరుసటి యేడు జూన్‌లో కన్నుమూసెను.

2014 జూలై 8న బెలో హొరిజాంటె నగరమున బ్రెజిల్ మరల స్వదేశములోనే, జర్మనీ చేతిలో 7-1 గోళ్లతో ఓడినది. ఆనాడు ప్రేక్షకులు ఏడ్చిరి, తమవారిని ఈసడించిరి, జర్మనీ ఆటకు చప్పట్లును కొట్టిరి. ఆ రాత్రి పలువురికి బార్బోసా గుర్తుకు వచ్చెను. ఏడింటి ముందు అతని ఒక్క గోలు ఎంత చిన్నదో అప్పుడు తెలిసినది. కాని ఆ మాట వినుటకు అతడు లేడు.

తమ జట్టు ఓడినప్పుడు దుఃఖించుట తప్పు కాదు. దుఃఖింపనివాడు అభిమానియే కాడు. ఆ దుఃఖమును పదునొకండుగురు ఆటగాండ్రును, వారి వెనుక నిలిచిన జాతియు పంచుకొనవలసియుండగా, ఒక్కని నెత్తిపై పెట్టి తాము తేలికపడుట అన్యాయము. బ్రెజిల్ ఆ ఓటమినుండి కప్పులు గెలుచుట నేర్చినది. బార్బోసాకు మాత్రము తాను బ్రతికియుండగా న్యాయము చేయలేకపోయినది.