రూపాయి ఎక్కడ ఎంత? కొనుగోలు శక్తి సమానత పుట్టిన కథ

1970 నాటి ధరలతో పది దేశాలను పక్కపక్కన నిలబెట్టి పోల్చిన లెక్క ఒకటుంది. ఆ పదింటిలో భారతదేశం ఉంది. ఆఫ్రికా నుంచి కెన్యా ఒక్కటే ఉంది. రూపాయలనూ షిల్లింగులనూ మారకం రేటుతో డాలర్లలోకి మార్చి చూస్తే, అమెరికా తలసరి ఉత్పత్తి వంద అయినప్పుడు కెన్యాది సుమారు మూడు, మనది రెండు. అదే లెక్కను ఆయా దేశాల బజారు ధరలతో మళ్లీ వేస్తే మనది ఏడు దగ్గరికి చేరింది, కెన్యాది ఆరు దగ్గర ఆగింది. పొలాల్లో ఒక్క గింజ అదనంగా పండలేదు, ఎవరి కూలీ పైసా పెరగలేదు. కొలబద్ద మారేసరికి వరస తారుమారైంది.

ఆ కొలబద్ద పేరు కొనుగోలు శక్తి సమానత. పీపీపీ అని వార్తల్లో వినిపించేది ఇదే. పేరు పుట్టాక పది దేశాలకు సరిపడా తయారవడానికి దానికి యాభై ఏళ్లు పైనే పట్టింది.

డబ్బు విలువ చోటును బట్టి మారుతుందన్న సంగతి పాతదే. అమెరికా ఖండాల నుంచి బంగారం, వెండి వచ్చి పడి స్పెయిన్‌లో ధరలు మండిపోతున్నప్పుడు, సలమాంకా పండితుడు అస్పిల్క్వేటా 1556లోనే దీన్ని గమనించాడు. డబ్బు పుష్కలంగా ఉన్నచోట దానికి విలువ తక్కువ, కొరతగా ఉన్నచోట ఎక్కువ అన్నాడు. కానీ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు దాన్ని సూత్రంగా మార్చాల్సిన అగత్యం పెద్దగా కనిపించలేదు. పెద్ద దేశాల నాణేలు చాలావరకు బంగారానికి కట్టుబడి ఉండేవి కాబట్టి మారకం రేట్లు దాదాపు కదిలేవే కావు. యుద్ధం ఆ ముడిని తెంపింది. ప్రభుత్వాలు నోట్లు గుద్ది ఖర్చు పెట్టాయి, ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఎగబాకాయి. మరి ఇప్పుడు ఏ కరెన్సీకి ఏది సరైన రేటు? స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో జవాబు చెప్పి, దానికి పేరు కూడా పెట్టాడు. పరాయి దేశపు డబ్బును మనం కోరుకునేది అది అక్కడ కొనిపెట్టే సరుకు కోసమే. కాబట్టి ఒక దేశంలో ధరలు మూడింతలై, ఇంకో దేశంలో రెండింతలే అయితే పాత రేటును ఆ నిష్పత్తిలోనే సవరించాలి అన్నాడు.

అదే యుద్ధం వెండికీ కరువు తెచ్చింది. ఆ కొరతలోనే, అదే 1918లో, నిజాం ప్రభుత్వం మొదటిసారి కాగితం నోట్లు వేసింది. ఇప్పటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఊళ్లన్నీ అప్పుడు ఆ రాజ్యంలోవే. ఇక్కడ చెల్లేది నిజాం హాలీ సిక్కా, సరిహద్దు దాటితే బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, రైలెక్కి బెజవాడలో దిగినవాడు భాష మార్చుకోనక్కర్లేదు గానీ డబ్బు మార్చుకోవాలి. 1950లో రెండు నాణేలూ పక్కపక్కనే నడిచిన రోజుల్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు లెక్క. 1959లో హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది. అయితే ఏడుకు ఆరు అన్నది డబ్బుకు డబ్బు ఎంతొస్తుందో మాత్రమే చెప్పే రేటు. ఆ డబ్బుకు బియ్యం మానుకోటలో ఎన్ని సేర్లు, బెజవాడలో ఎన్ని సేర్లు అన్నది అందులో దొరకదు.

కాసెల్ సూత్రానికి ఉన్న లోటూ ఇదే. ధరలు ఎంత పెరిగాయో తెలిస్తే అది పనిచేస్తుంది, అసలు ధరలు ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పలేదు. అది చెప్పాలంటే బజారుకెళ్లి అడగాలి. కోలిన్ క్లార్క్ 1940లో చాలా దేశాల ఆదాయాలను ఒకే కొలతలోకి తెచ్చే ప్రయత్నం చేశాడు. 1954లో మిల్టన్ గిల్బర్ట్, ఇర్వింగ్ క్రావిస్ కలిసి అమెరికాతో నాలుగు యూరప్ దేశాలను పోల్చారు. 1968లో ఐక్యరాజ్యసమితి గణాంక కార్యాలయం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి అంతర్జాతీయ పోలిక కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. క్రావిస్, అలన్ హెస్టన్, రాబర్ట్ సమ్మర్స్ నడిపిన ఆ పనిలోంచే భారత్, కెన్యాల తారుమారు లెక్క 1975లో అచ్చయింది.

పని చెప్పినంత తేలిక కాదు. కిలో బియ్యం ఎంత అంటే సరిపోదు. ఏ రకం, నూక ఎంత, సంచిలోదా విడిగా తూచిందా, కిరాణా కొట్లోనా సూపర్ మార్కెట్‌లోనా అన్నీ రాయాలి. సరుకు రెండుచోట్లా ఒకటే కావాలి, పైగా రెండుచోట్లా జనం నిజంగా కొనేది కావాలి. ఈ రెండూ ఒకపట్టాన కలవవు. కెన్యావాళ్లు రోజూ తినేది మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి. ఇథియోపియాలో టెఫ్ అనే చిరుధాన్యం, ఆ ప్రాంతం దాటితే అది దొరకడం కష్టం. మన జొన్నరొట్టెకు లండన్‌లో ధర ఎక్కడ వెతకాలి? ఇలాంటి ఖాళీల కోసం సమ్మర్స్ 1973లో ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి ధరనూ వస్తువు వల్ల వచ్చిన భాగం, దేశం వల్ల వచ్చిన భాగం అని రెండుగా విడదీస్తే, దొరకని ధరలు కొన్ని ఉన్నా దేశపు ధరల మట్టం తేలుతుంది. అయితే ఉప్పుకూ బియ్యానికీ ఒకే బరువు ఇస్తే ఎలా? జనం దేనిమీద ఎంత ఖర్చు పెడతారో ఆ బరువును ఇందులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు డి.ఎస్. ప్రసాదరావు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేసి ఆస్ట్రేలియాలో ఆచార్యుడైన ఆయన పద్ధతిని ఈ రంగంలో ‘రావు సిస్టమ్’ అనే అంటారు.

ఇంతకీ పేద దేశంలో ధరలు ఎందుకు తక్కువ? బేలా బలాషా, పాల్ శామ్యూల్సన్ 1964లో విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. పెంబర్తి ఇత్తడి బొమ్మ ఓడెక్కి ఏ దేశానికైనా పోగలదు, కాబట్టి దాని ధర ప్రపంచ ధరకు దగ్గరగా ఉంటుంది. భూపాలపల్లిలో చేసే క్షవరం ఓడెక్కదు. యంత్రాలతో ఎక్కువ సరుకు తీసే దేశంలో ఫ్యాక్టరీ జీతాలు పెరిగి, వాటితోపాటు మంగలి సంపాదనా పెరుగుతుంది, అతని కత్తెర వేగం పెరగకపోయినా. పేద దేశంలో క్షవరం, ఇంటి అద్దె, ట్యూషన్ అన్నీ చవక. ఆఫ్రికాలో ఈ సూత్రానికి ఎదురుతిరిగే చోట్లున్నాయి. చమురు డాలర్లు వచ్చి పడిన అంగోలా రాజధాని లువాండా, మెర్సర్ సంస్థ 2013 జాబితాలో విదేశీ ఉద్యోగులకు ప్రపంచంలోకెల్లా ఖరీదైన నగరం. పేదరికం ఉన్నంతమాత్రాన చవక ఉంటుందని అనుకోవడానికి లేదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

అడగకపోతే ఏమవుతుందో మనకే తెలిసొచ్చింది. 1985 తర్వాత భారత్ ఈ అంతర్జాతీయ పోలిక సర్వేలకు దూరంగా ఉంది. పాత ధరలనే సాగదీసి అంచనాలు వేస్తూ వచ్చారు. 2005 దఫాలో మళ్లీ చేరి నిజం ధరలు ఇచ్చాక, పీపీపీ లెక్కలో మన ఆర్థిక వ్యవస్థ పరిమాణం దాదాపు 40 శాతం తగ్గింది. 2017 దఫా ప్రకారం డాలరుకు మారకం రేటు రూ.65.12 కాగా, అమెరికాలో డాలరుకు వచ్చే సరుకు, సేవలు ఇక్కడ సగటున రూ.20.65కే వచ్చేవి.

‘ఇక్కడ’ అంటే ఎక్కడ? ఆ అంకె దేశం మొత్తానికి ఒక్కటే. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో ప్రణాళికా సంఘం వేసిన 2011–12 పేదరిక రేఖ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తలకు నెలకు రూ.860, పట్టణాల్లో రూ.1,009. చోటును బట్టి ధరలు లెక్కగట్టి వేసిన రేఖ అది. నిష్పత్తి తీస్తే ఇంచుమించు ఆరుకు ఏడు. ఒకే రాష్ట్రం, ఒకే రూపాయి, అయినా పల్లెకూ పట్టణానికీ మధ్య హాలీకీ కల్దారుకీ ఉన్నంత తేడా. కాకతాళీయమే కావచ్చు, తేడా మాత్రం నిజం.

2016 అక్టోబరు 11న పుట్టిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తలసరి ఆదాయాన్ని, మిగతా జిల్లాలతోపాటు, తెలంగాణ ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. రంగారెడ్డి, హైదరాబాద్ పైన ఉంటాయి. అందులో ‘స్థిర ధరలు’ అన్న వరస ఏడాదికీ ఏడాదికీ మధ్య పెరిగిన ధరను తీసేస్తుంది, చోటుకూ చోటుకూ మధ్య ఉన్న ధరను తీసేయదు. గచ్చిబౌలి అద్దె, భూపాలపల్లి అద్దె అందులో ఒకే రూపాయి. సవరిస్తే దూరం కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోదు. ఎంత తగ్గుతుందో చెప్పే పద్ధతి యాభై ఏళ్ల కిందటే సిద్ధమైంది. నైరోబీకీ ఢిల్లీకీ చేసిన పనే జనగామకూ హైదరాబాద్‌కూ చేస్తే చాలు.