హ్యాష్ విలువ – సాక్ష్య ప్రామాణ్యం: ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు సాంకేతిక చరిత్రను 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టి హైటెక్ సిటీ విస్తరణగా వివరించడం పరిపాటి. సాఫ్ట్‌వేరు తయారీ చరిత్రకు అది సరిపోతుంది. కంప్యూటరు ఫైలు న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలిచిన చరిత్రకు మాత్రం ఇదే నగరంలోని మరో సంస్థను, పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ ప్రయోగశాలను, గమనించాలి.

2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగింది. ఆ కేసులో శ్రీనగర్‌లో పోలీసులు స్వాధీనం చేసుకున్న ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన నిపుణులలో ఒకరు ఈ ప్రయోగశాలకు చెందినవారు. దాడి చేసినవారి వద్ద దొరికిన నకిలీ గుర్తింపు కార్డుల నమూనాలు అందులో కనిపించాయి. అయితే స్వాధీనం తరువాతి తేదీలలో కొన్ని ఫైళ్ళు మారినట్లు నమోదై ఉండడంతో, సాక్ష్యం తారుమారైందని నిందితుల పక్షం వాదించింది. అవి యంత్రం తనంతట తాను రాసుకొనే సిస్టమ్ ఫైళ్ళన్న వివరణను సుప్రీంకోర్టు 2005 ఆగస్టు 4న ఆమోదించింది. ఒక నిందితుని మరణశిక్షను ఖరారు చేసిన తీర్పు అది.

ఇటువంటి వివాదంలో హ్యాష్ ఏ మేరకు ఉపకరిస్తుంది? హ్యాష్ అంటే ఫైలులోని సమాచారమంతటినీ గణించి రాబట్టే స్థిరమైన గుర్తింపు విలువ. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో దానిని 64 అంకెలు, అక్షరాలలో రాస్తారు. ఫైలు పేరు మారినా ఆ విలువ మారదు. లోపల ఒక్క అక్షరం మారితే పూర్తిగా మారుతుంది. పాఠపరిష్కర్త పాఠభేదాల తారతమ్యాన్ని తూచుతాడు. హ్యాష్ మాత్రం రెండు ప్రతులు ఒకటేనా, కాదా అన్నంతవరకే చెబుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ల ఫైళ్ళ హ్యాష్ విలువలను పట్టికలుగా ప్రచురిస్తున్నది. వాటితో సరిపోలినవాటిని తొలగిస్తే, వ్యక్తులు సృష్టించిన ఫైళ్ళను వెదకడం సులభమవుతుంది.

కాని యంత్రం తానుగా రాసుకొనే ఫైళ్ళు ఒక్కొక్క కంప్యూటరులో ఒక్కొక్క విధంగా ఉంటాయి. అవి ఏ పట్టికకూ చిక్కవు. కనుక ల్యాప్‌టాప్ వివాదాన్ని పట్టిక తీర్చజాలదు. స్వాధీన సమయంలోనే మొత్తం డిస్కుకు తీసిన హ్యాష్ ఉంటే, తరువాత మార్పు జరిగిందా లేదా అన్నది దానితో తేలుతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ధ్రువపత్రంలో హ్యాష్ విలువకు స్థానం కల్పించింది. అయితే ఆ పత్రం అనుమతించిన పద్ధతులలో ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 కూడా ఉన్నాయి. వేర్వేరు ఫైళ్ళకు ఒకే విలువ రప్పించవచ్చని మొదటిదాని విషయంలో 2004లో, రెండవదాని విషయంలో 2017లో నిరూపితమైంది.

నేడు సైబరాబాదు కార్యాలయాలలో స్వాధీనమయ్యే డిస్కులకూ ఇదే వర్తిస్తుంది. ఫైలు మారలేదని హ్యాష్ చెప్పగలదు. దానిని రాసినదెవరో చెప్పలేదు. ఆ నిర్ణయం నేటికీ మానవ సాక్ష్యంపైనే ఆధారపడి ఉంది.