సైన్: వింటినారి నుంచి జేబు దాకా

వృత్తంలో జ్యా అంటే వింటినారి. ఆర్యభటుడు సగం నారిని లెక్కకు తీసుకుని అర్ధజ్య అన్నాడు. వాడుకలో అది జ్య, జీవ అయింది. అరబ్బులు జీవను జీబా అన్నారు. వాళ్ల రాతలో హ్రస్వ అచ్చులు రాయరు, అందుకే తర్వాతివాళ్లు దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఎదభాగం. మన జేబు కూడా ఆ మాటే! 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్లు అదే అర్థంతో సైనస్ అన్నారు. అదే సైన్.

ఈ సైన్ లేకుండా వక్రీభవనం, అంటే కాంతి వంగడం, లెక్క తేలదు. గాలిలోంచి 30 డిగ్రీల పతన కోణంతో నీటిలోకి దిగిన కిరణం 22 డిగ్రీలకు వంగుతుంది. 60 డిగ్రీలతో దిగితే 44 అనుకుంటాం, కానీ సుమారు 40.6 దగ్గరే ఆగుతుంది. కోణాల నిష్పత్తి నిలవదు. సైన్‌ల నిష్పత్తి మాత్రం రెండుసార్లూ 1.33. స్నెల్ 1621లో కనుక్కున్న ఈ నియమాన్ని సైన్‌లతో 1637లో అచ్చువేయించింది డెకార్ట్. బిందెలో నీళ్లు పోయగానే అడుగున రూపాయి బిళ్ల పైకి తేలినట్టు కనిపించేది ఈ వక్రీభవనం వల్లే.