వాహికగా నాదం, వాక్యంగా నాదం: లెక్రే క్రైస్తవ హిప్‌హాప్‌లో సంగీత పరిణామం

వాగ్గేయకారుని కృతిలో సాహిత్యాన్ని మాతువనీ సంగీతాన్ని ధాతువనీ మన లక్షణకారులు విడదీసి చెప్పారు. క్రైస్తవ హిప్‌హాప్‌పై జరిగిన చర్చలో అధిక భాగం మాతువుతోనే ముగిసిపోయింది. పాటలో యేసు నామం ఎన్నిసార్లు వినబడింది, వాక్యోపదేశం ఎంత ఉంది, ఏ ఆల్బమ్ నుంచి తగ్గింది అన్నవే అందులోని ప్రశ్నలు. ధాతువును మాటలు మోసే బండిగానే చూశారు. ఈ శాఖలో విశేష ప్రచారం పొందిన అమెరికన్ కళాకారుడు లెక్రే విషయంలో ఈ పద్ధతి ఒక అసమగ్ర చరిత్రకు దారితీసింది. ఆయన సువార్తతో ప్రారంభించి విపణి వైపు జారిపోయాడన్నది దాని సారాంశం. 2004 నుంచి 2022 వరకు వచ్చిన ఆల్బమ్‌లను బీట్‌పై చెవి నిలిపి వరుసగా వింటే, ఈ నిర్ణయానికి లొంగని మరొక క్రమం బయటపడుతుంది.

1979లో హ్యూస్టన్‌లో జన్మించిన లెక్రే మూర్ 2004లో బెన్ వాషర్‌తో కలిసి రీచ్ రికార్డ్స్ సంస్థను స్థాపించాడు. తొలి ఆల్బమ్ 'రియల్ టాక్' ఆ ఏడాదే వెలువడింది. క్రైస్తవ ర్యాప్ అప్పటికే కొత్తది కాదు. స్టీఫెన్ వైలీ 'బైబిల్ బ్రేక్' 1985 నాటిది. 1990లలో ఫిలడెల్ఫియాకు చెందిన 'ది క్రాస్ మూవ్‌మెంట్' బృందం సిద్ధాంత బోధననే ర్యాప్‌గా మలచింది. లెక్రే తొలి రచనలు ఈ బోధనా సంప్రదాయంలోనివే. అయితే వాటి నాదం దక్షిణాది రాష్ట్రాలది. 'ఆఫ్టర్ ద మ్యూజిక్ స్టాప్స్' (2006)లోని 'జీసస్ మ్యూజిక్' బరువైన బేస్‌తో, కారు స్పీకర్ల కోసం కట్టిన పాటగా వినిపిస్తుంది. మాట ప్రసంగం, బాణీ వీధిది. రెండూ పక్కపక్కనే నడుస్తాయి గాని ఒకదానికొకటి అవసరపడవు. బీట్ మార్చినా ప్రసంగానికి లోటు రాదు.

ఈ దశలో మాతువు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గమనించాలి. 'రెబెల్' (2008) బిల్‌బోర్డ్ గాస్పెల్ పట్టికలో మొదటి స్థానం పొందిన తొలి క్రైస్తవ హిప్‌హాప్ ఆల్బమ్. అందులోని 'డోంట్ వేస్ట్ యువర్ లైఫ్' అనే పాట పేరు మిన్నియాపొలిస్‌లోని శ్వేతజాతి పాస్టర్ జాన్ పైపర్ 2003లో ప్రచురించిన గ్రంథం పేరే. దక్షిణాది నల్లజాతి నాదానికి శ్వేతజాతి సంస్కరణవాద వేదాంతాన్ని జోడించడమే ఆనాటి లెక్రే ప్రత్యేకత. నాదాన్ని వాహికగా భావించినంత కాలం ఈ జోడింపులో ఎవరికీ ఇబ్బంది కనిపించలేదు.

మొదటి మార్పు 2012లో ఉచితంగా విడుదలైన 'చర్చ్ క్లోత్స్' మిక్స్‌టేప్‌తో వచ్చింది. హిప్‌హాప్ మిక్స్‌టేపులకు పేరుపొందిన డీజే డాన్ కానన్ దీనికి సారథి. మిక్స్‌టేప్ అనేది ప్రార్థనామందిరం కోసం పుట్టిన రూపం కాదు; ఆ రూపాన్ని ఎంచుకోవడంలోనే ఉద్దేశిత శ్రోత మారాడు. శీర్షిక గీతంలో వాద్యాలు మితంగా ఉంటాయి, గొంతు ప్రసంగ స్థాయి నుంచి సంభాషణ స్థాయికి దిగుతుంది. మాట్లాడేవాడు సంఘంలోని కపటాన్ని చూసి విసిగి బయట నిలిచిన మనిషి. అటువంటివానికి బోధకుని కంఠం నప్పదు. ధాతువూ మాతువూ ఒకదానినొకటి కోరుకోవడం ఇక్కడ మొదలైంది. అదే ఏడాది వచ్చిన 'గ్రావిటీ'కి ఉత్తమ గాస్పెల్ ఆల్బమ్‌గా గ్రామీ లభించింది. ఆ విభాగంలో ఒక హిప్‌హాప్ కృతి గెలవడం అదే ప్రథమం.

2014 సెప్టెంబరులో వచ్చిన 'అనామలీ' మొదటి వారంలో 88 వేలకు పైగా అమ్ముడై బిల్‌బోర్డ్ 200లోనూ గాస్పెల్ పట్టికలోనూ ఏకకాలంలో అగ్రస్థానం పొందింది. సాధారణంగా దీనిని విజయగాథగానే చెబుతారు. కాని దానికి నెల ముందే ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో మైకేల్ బ్రౌన్ మరణించాడు. జాతివివక్ష గురించి లెక్రే బాహాటంగా మాట్లాడిన కొద్దీ అంతవరకు ఆయన పాటలను ఆదరించిన శ్వేతజాతి శ్రోతలలో కొందరు విముఖులయ్యారు. నాదం తమకు ఇష్టమైనదే, ఆ నాదం పుట్టిన సమాజపు దుఃఖం మాత్రం పాటలో వినబడరాదన్నది ఆ విముఖతలోని తర్కం. 2017లో ఒక పాడ్‌కాస్ట్ సంభాషణలో లెక్రే శ్వేతజాతి ఇవాంజెలికల్ వర్గంతో తన తెగతెంపులను ప్రకటించాడు. దానికి స్పందిస్తూ వ్యాసం రాసినవారిలో జాన్ పైపర్ ఒకడు. 2008లో పాటకు పేరునిచ్చిన గ్రంథకర్త తొమ్మిదేళ్ల తరువాత ఆ గాయకుని నిష్క్రమణకు జవాబు రాయవలసి రావడం ఈ చరిత్రలో కీలక ఘట్టం.

ఆ ఏడాదే కొలంబియా సంస్థ ద్వారా వచ్చిన 'ఆల్ థింగ్స్ వర్క్ టుగెదర్'కు ఏకరూపత లేదు. రేడియో కోసం కూర్చిన బాణీలు అందులో ఉన్నాయి. విపణి ఆరోపణకు కొంత ఆధారం దొరికితే అది ఇక్కడే దొరకాలి.

2018 నాటి 'లెట్ ద ట్రాప్ సే ఆమేన్' మరొక తరహాది. ట్రాప్ అంటే అట్లాంటా వాడుకలో మాదకద్రవ్యాలు అమ్మే ఇల్లు. ఆ పేరుతో వెలసిన సంగీతశైలికి సుదీర్ఘమైన బేస్, వడివడిగా మోగే హైహ్యాట్ తాళాలు, విషాదచ్ఛాయ గల కీబోర్డు వరుసలు లక్షణాలు. సంఘం చేత ఆమేన్ పలికించే ప్రసంగికుని పిలుపులో 'సంఘం' ఉండవలసిన చోట 'ట్రాప్' చేరింది. లోకసంగీతాన్ని దేవుని మందిరంలోకి తెచ్చాడన్న ఆక్షేపణకు ఇంతకన్న అనువైన శీర్షిక ఉండదు. అయితే ఈ ఆల్బమ్ సంగీతకర్త జేటోవెన్ జీవితం ఆ ఆక్షేపణను తలకిందులు చేస్తుంది. గూచీ మేన్ 'ఐసీ' (2005), మీగోస్ 'వెర్సాచీ' (2013) వంటి పాటలతో ట్రాప్ నాదాన్ని తీర్చిదిద్దినవారిలో ఆయన ఒకడు. ఆయన చేయి తిరిగింది చర్చి వాద్యం మీద. పేరు వచ్చాక కూడా ఆదివారం ఆరాధనలో వాయించడం మానలేదు. అంటే ట్రాప్ కీబోర్డులో ఆరాధనాసంగీతం ముందే ఉంది. లెక్రే బయటి నుంచి తెచ్చిందేమీ లేదు. వీధికి వెళ్లినది ఇంటికి వచ్చింది.

ఈ రాకపోకలు అమెరికా నల్లజాతి సంగీతానికి పాతవే. మా రెయినీ బృందంలో పియానో వాయించి, 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ పాటలు రికార్డు చేసిన థామస్ ఎ. డోర్సీ 1930లలో గాస్పెల్ గీతానికి ఆ బ్లూస్ నడకనే ఇచ్చాడు. మొదట సంఘాలు తలుపులు మూశాయి. తరువాత ఆ నడకే సంఘసంగీతమయింది. తెలుగు పాఠకునికి ఈ సందర్భంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) స్ఫురించడం సహజం. ఆయన క్రైస్తవ కీర్తనల రాగతాళాలు అంతకుముందు ఇతర దేవతల స్తుతికి వాడుకైనవే. నేటి సంఘంలో వాటిని పరాయివని ఎవరూ అనరు. రెంటికీ ఒక భేదం మాత్రం ఉంది. కీర్తనకు సమాజంలో గౌరవస్థానం ఉంది, ట్రాప్‌కు లేదు. లెక్రే ఎన్నుకున్నది అగౌరవ నాదాన్ని. ఆ ఎన్నిక జాతి గురించి, ఎవరి గొంతు ఆరాధనకు అర్హమన్న ప్రశ్న గురించి, సాహిత్యం చెప్పకుండానే చెబుతుంది. నాదం వాహికగా ఉండటం మాని తానే వాక్యమైన స్థానం ఇది.

'రెస్టోరేషన్' (2020)లో ర్యాప్‌తో పాటు గానానికి చోటు పెరిగింది. జాన్ లెజెండ్ పాడిన 'డ్రౌన్' అందుకు ఉదాహరణ. 2022లో 'చర్చ్ క్లోత్స్' శీర్షిక నాలుగవసారి తిరిగివచ్చింది. అందులోని 'డీకన్‌స్ట్రక్షన్' పాటలో లెక్రే తన విశ్వాసం సడలిన కాలాన్ని ఉత్తమపురుషలో చెబుతాడు. 2012లో సంఘం బయట నిలిచి ఫిర్యాదు చేసిన మనిషి ఆయన కల్పించిన పాత్ర. పదేళ్లకు అదే సంభాషణ స్థాయి గొంతులో ఆ మాటలు కవి సొంతమయ్యాయి.