‘సెక్రటరీ’ నవలలో ప్రణయం – ఆత్మాభిమానం

1960, 70 దశకాలను తెలుగు నవలా చరిత్రలో రచయిత్రుల యుగంగా పేర్కొనడం పరిపాటి. అయితే ఆ కాలపు ప్రణయ నవలలపై వచ్చిన విమర్శలో అధికభాగం వాటి పాఠకాదరణను గుర్తించి, ‘కాలక్షేపం’, ‘కలల లోకం’ అన్న మాటలతో వాటి గుణవిచారణను ముగించింది. ఈ తీర్పు రచనలతోపాటు వాటిని చదివిన స్త్రీల వివేచననూ తక్కువ చేసింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలను పరిశీలిస్తే ఆ తీర్పును సవరించవలసిన అవసరం కనిపిస్తుంది.

ఈ నవల ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వెలువడింది. ధారావాహికలో నాయికానాయకుల కలయిక వాయిదా పడుతూ ఉండాలి. సామాన్య రచనల్లో ఆ వాయిదాకు దుష్టపాత్ర పన్నాగమో, చేతులు మారిన ఉత్తరమో కారణమవుతుంది. ‘సెక్రటరీ’లోనూ అపోహలు లేకపోలేదు, కానీ వాటికి మూలం జయంతి స్వభావంలోనే ఉంది. రాజశేఖరం సంపన్నుడు, ఆమెకు జీతమిచ్చే యజమాని. అతడు చూపే ఆదరణ అనురాగమా, ధనికుని ఔదార్యమా అన్నది ఆమెకు తేలని ప్రశ్న. జీతం పుచ్చుకొనే చేయి ప్రేమను అందుకొన్నప్పుడు దానిని లోకం ఏమని పిలుస్తుందోనన్న జంకు ఆమె మొండితనం వెనుక ఉంది. మధ్యతరగతి యువతులు కార్యాలయాల్లో అడుగుపెడుతున్న కాలంలో ఇది కేవలం కల్పిత సమస్య కాదు.

కథనం ప్రధానంగా జయంతి మనస్సును అంటిపెట్టుకొని సాగుతుంది. రాజశేఖరం అంతరంగం పాఠకురాలికి చాలావరకు మాటల ద్వారా, చేష్టల ద్వారా మాత్రమే అందుతుంది. అందగాడు, ఐశ్వర్యవంతుడు అయిన నాయకుడు మూసగా మారాడన్న ఆక్షేపణ న్యాయమే (ఆ మూసను తరువాతి అనుకరణలు మరీ అరగదీశాయి). అయినా పరీక్షించే చూపు ఇక్కడ స్త్రీది, పరీక్షకు నిలిచేది పురుషుడు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించగా ఈ నవల చలనచిత్రమైంది. అగ్రనటుడు తెరపై ప్రత్యక్షమైనప్పుడు ఆ దృష్టికోణాన్ని యథాతథంగా నిలపడం సులభం కాదు.

నవలకు పరిమితి లేకపోలేదు. యజమానికీ ఉద్యోగినికీ మధ్య లేవనెత్తిన అసమానతను వివాహం పరిష్కరించదు, కనుమరుగు చేస్తుంది. అదే దశకంలో రంగనాయకమ్మ ‘బలిపీఠం’ కులాంతర వివాహం జరిగిన తరువాతి సంఘర్షణను చిత్రించింది. ‘సెక్రటరీ’ ఆ గడప దాటలేదు. గడపకు ఇవతల, అంగీకరించడానికి ముందు ఒక స్త్రీ ఎంతసేపు ఆలోచించవచ్చునో చూపింది.