యతి, ప్రాస: రెండు మాటల చరిత్ర

పద్యం చదివించి ప్రాస ఏదని అడిగితే, మన విద్యార్థులలో పలువురు పాదాల చివర వెదుకుతారు. అది వారి తప్పు కాదు. సినిమా పాటల వలన, నినాదాల వలన నేడు ప్రాస అనగానే చివరి అక్షరాల పొత్తే స్ఫురిస్తున్నది. లాక్షణికులు దానిని అంత్యప్రాస అన్నారు. పద్యలక్షణంలో కేవలం ప్రాస అన్నప్పుడు, అన్ని పాదాలలోను రెండవ అక్షరంగా ఒకే హల్లు నిలవడమని అర్థం. అచ్చు మారినా దోషం లేదు.

యతి చరిత్ర మరింత ఆసక్తికరం. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం; నియతస్థానంలో పదం ముగియాలి, చదువరి ఆగాలి. తెలుగువారు ఆ మాటను గ్రహించి అర్థాన్ని మార్చుకున్నారు. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవ అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి పొందాలి. అక్కడ పదం ముగియనక్కరలేదు. ఆగవలసిన చోటు మనకు అక్షరాలు కలిసే చోటు అయింది.

ఈ అభిరుచి ఎంత ప్రాచీనమైనది? 11వ శతాబ్దిలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొనక మునుపే, 848 నాటిదని పండితులు చెప్పే అద్దంకి శాసనంలోని తరువోజలో యతిప్రాసలు రెండూ కనబడతాయి. తమిళ లక్షణగ్రంథమైన తొల్కాప్పియం మోనై, ఎదుగై అనే పొత్తులను పేర్కొన్నది. మొదటి అక్షరపు పొత్తు మోనై. రెండవ అక్షరపు పొత్తు ఎదుగై. కన్నడ పద్యానికి సైతం రెండవ అక్షరపు ప్రాస ప్రాణం. పేర్లు సంస్కృతం నుండి వచ్చినా, ఆ నాదాన్ని కోరిన చెవి దక్షిణదేశపు చెవి. 17వ శతాబ్దిలో అప్పకవి ఈ యతిప్రాసల భేదాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి విస్తరంగా వివరించాడు.

ఈ చరిత్ర తమిళనాటి తెలుగు పాఠశాలకు ఎంతో అక్కరకు వస్తుంది. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం పాఠశాలలలో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. రెండు భాషలు పిల్లలకు భారమవుతాయని, చివరకు తెలుగే వెనుకబడుతుందని తల్లిదండ్రులు కలత చెందడం సహజం. కాని ఎదుగై నేర్చిన బాలునికి ప్రాస కొత్తది కాదు. మోనై ఎరిగిన బాలికకు యతిమైత్రి సులభంగా బోధపడుతుంది. ఆ పోలికను ఉపాధ్యాయుడు చూపకపోతే, ఒకే విషయాన్ని పిల్లలు రెండుసార్లు కంఠస్థం చేసి, పరీక్ష కాగానే రెండింటినీ మరచిపోతారు.

పూర్వవిద్యార్థులారా, తరగతిలో గొంతెత్తి చదివిన పద్యాలు మీకు నేటికీ జ్ఞాపకం ఉన్నాయంటే, అందుకు యతిప్రాసలు చేసిన సాయం తక్కువది కాదు. మీ ఇంటి పిల్లలకు ఒక పద్యం వినిపించండి. పాదపాదానికి రెండవ అక్షరం ఏదో వారినే చెప్పమనండి. పారిభాషిక పదం అప్పుడు పుస్తకం విడిచి వారి చెవికి చేరుతుంది.