ఇస్తాలిఫ్ తోటకు చెల్లించిన వెల

బాబర్ పేరు వినగానే మనకు పానిపట్టు యుద్ధం జ్ఞాపకం వస్తుంది. కాని 1504లో కాబూలు చేజిక్కిన నాటి నుండి ఆయన మనసు పెట్టి చేసిన పనులలో తోటల పెంపకం ఒకటి. ఆ వివరాలను తుర్కీ భాషలో తానే రాసుకున్నాడు. 1589లో అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ ఆ గ్రంథాన్ని ఫార్సీలోకి తెచ్చాడు.

కాబూలుకు ఉత్తరాన కొండవాలున ఇస్తాలిఫ్ అనే ఊరుంది. అక్కడి 'బాగె కలాన్', అనగా పెద్దతోటను, బాబర్ తండ్రి సోదరుడైన ఉలుగ్ బేగ్ మీర్జా బలవంతంగా ఆక్రమించాడు. (సమర్ఖండులో నక్షత్రాలను పరిశీలించిన ఉలుగ్ బేగ్ వేరు.) తోట నడుమ ఒక నీటిమరను తిప్పగలిగినంత వాగు అడ్డదిడ్డంగా పారుతుండేది. బాబర్ ఆ వాగును తిన్నగా తీర్చి తోటకు అందం తెచ్చాడు. అయితే మన దృష్టిలో ముఖ్యమైనది మరొకటి: తోట యజమానులకు ఆయన వెల చెల్లించాడు. ఫిఖ్‌హ్ పండితులు 'గస్బ్' అనే ఈ దురాక్రమణ, ఏలిక మారినంత మాత్రాన ధర్మసమ్మతం కాదు. యజమానులు ఇష్టపడి అమ్మారా, పాదుషాను కాదనలేకపోయారా అన్నది మాత్రం ఆ గ్రంథంలో లేదు. ఇదే బాబర్ 1519లో బజౌర్ కోటను పట్టి, మూడు వేలమందికి పైగా వధింపబడ్డారని, తలలతో స్తంభం కట్టించానని కూడా రాసుకున్నాడు. ఆ పుటలను వదిలి తోటల పుటలు మాత్రమే చదివేవారితో నేను ఏకీభవించను.

ఇక మొక్కల సంగతి. కాబూలు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న చలిప్రాంతం. అక్కడికి ఆయన 'ఆలూబాలూ' అనే పుల్లని చెర్రీ మొక్కలను తెప్పించి నాటించగా బాగా పెరిగాయి. అరటికి, చెరకుకు ఆ చలి పనికిరాదు. వాటికి ఆయన చోటు మార్చాడు. కాబూలు నుండి ఒక్కరోజు ప్రయాణంలో మంచు పడని నేల వస్తుందని ఆయనే అంటాడు. అటువైపు, అదీనాపూర్ కోటకు దక్షిణాన, శీతాకాలంలోనూ చలి తక్కువగా ఉండే మెట్టమీద హిజ్రీ 914లో (క్రీ.శ. 1508-09) 'బాగె వఫా' వేయించాడు. దగ్గరలోనే పారే నీరుంది. నారింజ, దానిమ్మ విరివిగా కాచేవి. లాహోరు, దీపాల్పూరు గెలిచిన 1524లో అరటి పిలకలు తెచ్చి నాటించాడు. అవి చక్కగా ఎదిగాయి. అంతకు ముందటి ఏడు చెరకు వేయించాడు. ఆ చెరకులో కొంత బదఖ్షాన్‌కు, కొంత బుఖారాకు పంపించాడు. బుఖారా అప్పుడు, సమర్ఖండు నుండి తనను తరిమిన ఉజ్బెకుల ఏలుబడిలోనే ఉండేది.